మాదన్నపేట మంత్రియు వెండితెర రామదాసును

మలక్‌పేట నుండి చంపాపేట మీదుగా నాగార్జునసాగరమునకు పోవు మార్గమున సైదాబాదు కలదు. సైదాబాదు నానుకొని మాదన్నపేట కలదు. ఆ పేటలోని కూరగాయల మండీని ఎఱుగనివారు తూర్పు హైదరాబాదులో అరుదు. కాని బండ్లనుండి దిగుచున్న గంపలచుట్టు మూగి బేరములాడు ఆ జనసందోహములో, ఎవని పేర ఆ పేట వెలసినదని నగరమున ప్రతీతి కలదో ఆ పురుషుడు మూడువందల నలువదియేండ్లక్రిందట గోలకొండ రాజ్యభారమును మోసినవాడనియు, తానీషా యని పేరొందిన అబుల్ హసన్ కుతుబుషా సుల్తానునకు పండ్రెండేండ్లు కుడిభుజమై మెలగినవాడనియు, తుదకు 1686 మార్చి మాసమున సోదరుడగు అక్కన్నతోగూడ హంతకుల చేతిలో ప్రాణములు విడిచినవాడనియు ఎఱిగినవారు మిక్కిలి కొలదిమంది.

ఎఱిగిన ఆ కొలదిమందిలోను పలువురు మాదన్నను గ్రంథములనుండి ఎఱిగినవారు కారు. దిలుసుఖ్‌నగర్‌లోని కోణార్క్, వెంకటాద్రి వంటి థియేటరులలో, భద్రాచల రామదాసు మేనమామగా చూచి ఎఱిగినవారు. యథార్థముగా జీవించిన మనుష్యులనుగూర్చి తీయు చిత్రములు యథార్థమునకు కట్టుబడవలెనా, లేక కవికి గల స్వాతంత్ర్యము దర్శకునికిని కలదా యను వాదము అట్టి చిత్రము వచ్చినప్పుడెల్ల పత్రికలలోను న్యాయస్థానములలోను చెలరేగుచున్నది. ఆ వాదమును మా సైదాబాదు ప్రక్కనున్న పేటకు పేరిచ్చిన ఈ మంత్రి కథతో పరిశీలించుట నా సంకల్పము. ఏలయన ఇచ్చట చరిత్రయు, ఐతిహ్యమును, చిత్రమును ఒకదానిపై నొకటి పేరుకొనియున్నవి, వానిని విడదీసి చూచుటకు కావలసిన ఆధారములును కొన్ని మిగిలియున్నవి.

ఈ ప్రాంతపు జనులకు గతించినవారిని తమవారినిగా చేసికొను గుణము పాతది. మాదన్నపేటకు అనతిదూరమున, ఆస్మాన్‌గఢ్ దాపున గుట్టమీద, నిజాము అలీఖాను కొలువులో సేనలను తీర్చిదిద్ది 1798 లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండు సమాధి కలదు. హిందువులు ఆయనను మూసారాముడనియు, ముస్లిములు మూసా రహీమనియు చెప్పుకొనిరి; చిరకాలము ఆయన వర్ధంతినాడు ఆ సమాధికడ ఉరుసు జరిపిరి. సముద్రములు దాటి జీతమునకు వచ్చిన ఒక యోధుడు రెండు మతములవారికిని ఆప్తుడై దీపములందుకొనుట చరిత్రకు విరుద్ధమని ఎవరు వాదింతురు? అది ప్రేమ చేసిన మార్పు. అందు నష్టపోయినవాడు లేడు. కావున కథ మాఱుటయే దోషమని నేను తలపను. ఏది మాఱినచో ఎవనికి అన్యాయము జరుగునో అదియే విచారింపదగిన విషయము.

మాదన్న హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబమునందు పుట్టి, వ్రాతకోతల కొలువున ప్రవేశించి, సయ్యద్ ముజఫర్ అను ప్రబలుడైన అమీరునికడ పనిచేసి, 1674 ప్రాంతమున ఆ ముజఫర్ పదవీచ్యుతుడు కాగా రాజ్యపు ఆదాయవ్యయముల పెత్తనమును తానే వహించినవాడు. సూర్యప్రకాశరావు అను బిరుదము ఆయనకు దక్కినది. సోదరుడు అక్కన్నకు ఉన్నతోద్యోగమును, రుస్తుంరావు అను పేర ప్రసిద్ధుడైన మేనల్లునికి సేనాధిపత్యమును లభించినవి. 1677 లో శివాజీ మహారాజు భాగ్యనగరమునకు వచ్చి తానీషాతో మైత్రి చేసికొని, గోలకొండ ధనసహాయముతో దక్షిణ దండయాత్రకు తరలినప్పుడు ఆ సంధిని నడిపినవాడు మాదన్నయే. ఒకవైపు ఔరంగజేబునకు కప్పము చెల్లించుచు, వేఱొకవైపు ఆయన పరమశత్రువునకు సొమ్ము సమకూర్చిన ఈ రాజనీతి సామాన్యము కాదు; దాని వెల ఎంతటిదో మాదన్నకు తెలియకపోలేదు. డచ్చి కుంఫిణీ ఉద్యోగియై ఈ దేశమున ఏండ్లతరబడి మెలగిన డేనియల్ హవార్టు 1693 లో ప్రకటించిన కోరమాండల తీర చరిత్రయందు ఈ సోదరుల ప్రాభవ పతనములు రెండును కలవు. విదేశీయుల వ్రాతలో వర్తకుని స్వార్థము కలదనుట నిజమే; అయినను తమకు అమ్మకపు హక్కులిచ్చువాడెవడు, అడ్డువచ్చువాడెవడు అని ప్రతిదినము లెక్కించుకొన్నవారి వ్రాత గనుక, అందు అధికారము ఎవరి చేతిలో నున్నదో స్పష్టముగా కనబడును.

ఇక రామదాసని ప్రసిద్ధుడైన గోపన్న. నేలకొండపల్లిలో కంచర్ల లింగన్న, కామాంబల కుమారుడై పుట్టి, మేనమామల పలుకుబడివలన పాల్వంచ పరగణాకు తహసీలుదారై, వసూలుచేసిన సర్కారు సొమ్మును భద్రాచల రామాలయ నిర్మాణమునకును స్వామి నగలకును వెచ్చించి, గోలకొండ కోటలో పండ్రెండేండ్లు చెఱ అనుభవించి, రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలను పేర వచ్చి ఆఱు లక్షల పైకము తానీషాకు చెల్లింపగా విడుదల పొందెనని తెలుగువారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. త్యాగరాజస్వామి తన ప్రహ్లాదభక్తివిజయమున రామదాసును స్మరించినాడు. కోటను చూడవచ్చినవారికి నేటికిని రామదాసు బందీఖానా చూపబడుచున్నది. తెలుగు టాకీ పుట్టిన మఱుసటి సంవత్సరమే, 1933 లో, ఈ కథ తెరకెక్కినది. 1964 లో చిత్తూరు నాగయ్య తానే నిర్మాతయు, దర్శకుడును, కథానాయకుడును అయి భక్త రామదాసును వెలువరించినాడు. 2006 లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున నాగార్జున నటించిన శ్రీరామదాసు వచ్చినది.

నాగయ్యను గూర్చి ఒక మాట చెప్పక ముందుకు సాగలేను. పోతన, త్యాగయ్య, వేమన, రామదాసు — తెలుగు వారి ఆత్మబంధువులైన నలుగురికి ఆయన ముఖమును, కంఠమును ఇచ్చినాడు. నా తరమువారు పోతనను తలచుకొన్నచో మనసున మెదలునది బమ్మెర కవి కాదు, ఎవరును చూడని ఆ కవి స్థానమున నిలిచిన నాగయ్య. ఇది సామాన్యమైన అధికారము కాదు. శిల్పి చెక్కిన విగ్రహము విగ్రహమనియే తోచును; కెమెరా చూపిన మనుష్యుడు మాత్రము ఊపిరి పీల్చు మనుష్యుడుగా తోచి, చూచినవాని జ్ఞాపకములోనికి సాక్ష్యముగా ప్రవేశించును.

2006 నాటి చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు కబీరుదాసుగా కనబడి గోపన్నకు రామమంత్రము నుపదేశించును. కబీరు కాశీనగరమున పదునేనవ శతాబ్దమునందలివాడు. ఆయన నిర్యాణమును ఎంత ఆలస్యముగా లెక్కించువారైనను 1518 దాటి చెప్పరు. గోపన్న పదునేడవ శతాబ్దమువాడు. నూఱేండ్లకు మించిన ఎడమున్న గురుశిష్యులను ఒకే చెట్టునీడకు చేర్చుట చరిత్ర తెలిసినవానికి చివుక్కుమనిపించును. అయినను ఈ కల్పన దర్శకుడు చేసినది కాదు. అంతకు ఎంతో పూర్వమే హరికథకులు, యక్షగానకర్తలు గంజిలో పడి మరణించిన గోపన్న బిడ్డను బ్రతికించు ఘట్టమున కబీరును రప్పించుచు వచ్చిరి. రామనామము ఏ కులమువాని సొత్తును, ఏ మతమువాని సొత్తును కాదని చెప్పుటకు పల్లెటూరి కథకునికి దొరికిన మార్గమది. దీనివలన కబీరుకు అపకీర్తి లేదు, గోపన్నకు నష్టము లేదు, తిథివారములు మాత్రము చెదరినవి. ఇట్టి చెదరుటను నేను మనఃపూర్వకముగా క్షమింతును.

క్షమింపరానిది వేఱొకటి కలదు. అది హేతువును మార్చుట. గోపన్నను చెఱలో ఎందుకు వేసిరి? భక్తుని కథ చెప్పునప్పుడు సాధారణముగా చూపబడునది అసూయాపరుల చాడీయు, రాజు తొందరపాటును. నేటి ప్రేక్షకుడు అంతటితో ఆగక, ముస్లిము ప్రభువు హిందూ భక్తుని హింసించినాడని తనలో తాను పూరించుకొనును. కాని ఆ ప్రభువెవరు? సింహాసనమెక్కుటకు పూర్వము షా రాజు అను సూఫీ గురువు సన్నిధిలో శిష్యుడై కాలము గడిపినవాడు. కూచిపూడి భాగవతులకు అగ్రహారమిచ్చినాడని ఆ కళాకారులే కృతజ్ఞతతో చెప్పుకొనువాడు. తన ఖజానాను, సేనలో ముఖ్యభాగమును ఒక బ్రాహ్మణ కుటుంబమునకు అప్పగించి, ఢిల్లీ పాదుషాకు అదియే నేరముగా కనబడినను పండ్రెండేండ్లు వారిని వదలనివాడు. అట్టివానిని మతద్వేషిగా ప్రేక్షకుని ఊహకు విడిచిపెట్టుట మృతునిపై అపవాదు. ఆయన పేర భద్రాద్రికి మొదలైనవని చెప్పబడు ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రములు నేటి ప్రభుత్వములు సయితము శ్రీరామనవమినాడు పంపుచున్నవి.

అసలు హేతువు లెక్కల పుస్తకములో కలదు. 1636 నాటి ఒడంబడికచే గోలకొండ సుల్తాను మొగలు చక్రవర్తికి ఏటేటా రెండు లక్షల హొన్నులు కప్పముగా చెల్లింపవలసినవాడు. 1656 లో ఔరంగజేబు కోటను ముట్టడించిన పిమ్మట యుద్ధపరిహారపు భారము దానికి తోడైనది. కప్పము నిలిచినచో దండయాత్ర వచ్చును. ఐతిహ్యము చెప్పు ఆఱు లక్షలు నిజముగా వరహాలే, అనగా హొన్నులే, యైనచో, గోపన్న దేవునికి సమర్పించినది రాజ్యము మూడు సంవత్సరములు కట్టవలసిన కప్పము. జనుల నోట ఆ సంఖ్య పెరిగియుండవచ్చును. కాని ఒక పరగణా శిస్తు తాలూకు బాకీ సర్కారున కెంత ప్రాణసంకటమో ఊహించుటకు అది చాలును. ఆ బాకీని వసూలు చేయవలసిన అధికారి యెవరు? మాదన్న! తానీషా పరిపాలన ఆరంభమైనది 1672 లో. కోట పడిపోయినది 1687 లో. గోపన్న చెఱ పండ్రెండేండ్లన్న ఐతిహ్యమును అంగీకరించినచో, ఈ పదునైదేండ్లలో దాని నెక్కడ అమర్చినను, పదియేండ్లకు తక్కువ కాకుండ అది మాదన్న అధికారకాలముతో కలిసిపోవును. అనగా మేనల్లుడు కోటలోని కొట్టులో కృశించుచుండగా మేనమామ అదే రాజ్యమున ఖజానా తాళపుచెవులు ధరించి మెలగినాడు. విడిపింపలేకపోయెనా? విడిపింపగూడదని తలచెనా? బంధుత్వమునకు లొంగినచో తనపై కత్తినూఱుచున్న అమీరులకు ఆయుధమిచ్చినట్లగునని వెఱచెనా? తల్లివంటి అప్పగారి ముఖము ఏ విధముగా చూచెను? ఇంతకుమించిన నాటకము ఏ రచయిత కల్పింపగలడు! చరిత్ర అరచేతిలో పెట్టిన ఈ సన్నివేశమును విడిచి, చాడీకోరును వెదకికొనుట చూచినప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును. తెరమీద మాదన్నకు సాధారణముగా దక్కునది మేనల్లునికి కొలువిప్పించి ప్రక్కకు తప్పుకొను పెద్దమనిషి వేషము మాత్రమే.

గోపన్న స్వహస్తములతో విడిచిన సాక్ష్యమును మనము సరిగా వినలేదు. ఇక్ష్వాకుకులతిలక యను కీర్తన నెఱుగని తెలుగిల్లు లేదు. దాని నందఱును ఆర్తుడైన భక్తుని మొఱగా విందురు, అదియు నిజమే. కాని దానిని ఒక తహసీలుదారు దాఖలుచేసిన లెక్కగా ఎవరైనను వినిరా? భరతునికి ఏ పతకము, దాని ఖరీదెంత. సీతమ్మకు ఏ నగ, దానికి పడిన మొహరీలెన్ని. ప్రాకారమునకు, గోపురమునకు ఎంత — బాకీదారుడు ఖర్చును పద్దులవారీగా చూపి, సొమ్ముచేరిన చోటు నిర్దేశించి, ఆ చేరినవానినే నిలదీయుచున్నాడు. ఆ వెనుక కోపమునకు క్షమాపణ. దెబ్బలు తిన్న శరీరము, లెక్క మఱువని బుద్ధి, దేవునిపై అలిగిన మనస్సు మూడును ఒకేచోట పలికిన ఇట్టి రచన లోకమున ఎన్ని కలవు! ఆ కీర్తనలో పేర్కొనబడిన చింతాకు పతకమును, పచ్చల పతకమును భద్రాచల దేవస్థానమున నేటికిని చూపుదురు. పాటకును నగకును ఇంత సూటియైన పొత్తు కుదిరిన చోట కల్పనకు పనియేమి? ఆ పాటను పాడించిన చిత్రములు ఆ పద్దులను చూపినచో గోపన్న భక్తి తగ్గదు; సర్కారు సొమ్మని తెలిసియే, దండన తప్పదని తెలిసియే ఖర్చుచేసినవాని సాహసము తెలిసి అధికమగును.

హేతువును మార్చిన వెనుక తప్పిపోవునది వ్యక్తి. 1997 నాటి అన్నమయ్య చిత్రమును నేను శ్రద్ధతో చూచినవాడను. ఆ సంకీర్తనలను కోట్ల జనుల నోటికి అందించిన పుణ్యము దానికి కలదని ఒప్పుకొందును. కాని తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించిన కవయిత్రి. తెలుగున తొలి కవయిత్రిగా సాహిత్యచరిత్రకారులు పలువురు గౌరవించిన వనిత. అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన పితామహుని జీవితచరిత్రమును వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించి ప్రకటించియున్నారు. ఆధారములు లేక కాదు. అట్టి తిమ్మక్క తెరమీద మరదలి సరసములకును, యుగళగీతములకును పరిమితమయ్యెను. నాయకుని జీవితమున ఒక తేదీ జరిగినచో పండితుడు సరిదిద్దును. ఆమె చేతినుండి గంటమును తీసివేసినచో, ఆ చిత్రము చూచి పెరిగిన బాలికకు ఆ గంటమున్నదనియే తెలియదు.

అల్లూరి సీతారామరాజును 1974 లో కృష్ణ తెరమీద నిలిపినప్పుడు సీత యను ప్రేయసిని చేర్చిరి. ఆ చిత్రము మన్యపు తిరుగుబాటు కారణములను మాత్రము చెరుపలేదు, గనుకనే అది నిలిచినది. అల్లాణి శ్రీధర్ 1990 లో శ్రమపడి తీసిన కొమరం భీము చిత్రము ఇరువదియేండ్లకు గాని థియేటరులకు చేరలేదు. ఒకరినొకరు కలియని ఆ ఇరువురు వీరులను కలిపి 2022 లో తీసిన రాజమౌళి చిత్రము తాను కల్పననని బాహాటముగా చెప్పుకొన్నది. చెప్పుకొన్నదానితో తగవు లేదు. సావిత్రి జీవితమును చూపిన మహానటి వచ్చినప్పుడు జెమినీ గణేశన్ కుమార్తె కమలా సెల్వరాజ్ తన తండ్రిని చూపిన తీరు తప్పని బహిరంగముగా పలికిరి. చెప్పుటకు కుమార్తె కలదు, వినుటకు పత్రిక కలదు.

పాత్రలన్నియు కల్పితములని చిత్రారంభమున నేడు కనబడు ప్రకటనకు మూలము సయితము ఒక జీవించియున్న స్త్రీ చేసిన ప్రతిఘటనయే. రాస్పుటినును గూర్చి 1932 లో ఎం.జి.ఎం. సంస్థ తీసిన చిత్రమున ఒక రాకుమారి ఆ కపటసన్న్యాసిచే చెడగొట్టబడినట్లు చూపగా, అది తననే ఉద్దేశించినదని ఇరీనా యూసుపోవ్ లండను న్యాయస్థానమున దావా వేసి 1934 లో ఇరువదియైదువేల పౌనుల పరిహారమును గెలిచెను. అప్పటినుండి నిర్మాతలు ఆ వాక్యమును అతికించుకొనసాగిరి. దావాకు జడిసి వ్రాసిన వాక్యము దావా వేయలేనివానిని కాపాడునా? మాదన్న పక్షమున ఏ వకీలు నిలుచును? తిమ్మక్క పక్షమున ఎవరు ఫిర్యాదు చేయుదురు? కావున సజీవులయెడ చట్టము చేయు పనిని గతించినవారియెడ దర్శకుని మనస్సాక్షి చేయవలసియున్నది.

హరికథకుడు మార్చినను తప్పులేదంటివి, చిత్రదర్శకుడు మార్చిన తప్పేమని అడుగువారికి నేను చెప్పునదొకటే. హరికథకుడు ఊరి రచ్చబండకడ నిలిచి చెప్పును. సభలోని వృద్ధుడు లేచి అట్లు కాదనుటకు అవకాశమున్నది. మఱునాడు పొరుగూరిలో అదే కథకుడు వేఱొకవిధముగా చెప్పును. కథ తన కథాత్వమును దాచుకొనదు. చిత్రమో, ఒక్కసారి తీసిన వెనుక సైదాబాదునను, సింగపూరునను, డల్లాసునను ఒక్కతీరుగా పలుకును. దానితో మాఱుమాటాడువాడు లేడు. అంతటి శాశ్వతత్వమును కోరినవాడు దానికి తగిన జాగ్రత్తను వహింపవలయునని కోరుట కళకు సంకెల వేయుట యగునా?

రామదాసు చిత్రములు చెఱసాల తలుపు తెఱచుకొనుటతోను, భక్తుని ముక్తితోను ముగియును. వాస్తవముగా కథ అటుపిమ్మట రగిలినది. 1685 లో మొగలు సేనలు భాగ్యనగరమును దోచినవి. మాదన్నను, అక్కన్నను పదవులనుండి తొలగింపవలెనన్నది సంధి షరతులలో ఒకటి. 1686 మార్చిలో వారి హత్య. తెగిన శిరస్సు మొగలు శిబిరమునకు పయనము. మంత్రిని బలియిచ్చినను రాజ్యము మిగులలేదు. ఎనిమిది మాసములు ముట్టడి సాగి, 1687 సెప్టెంబరులో లోపలివాడొకడు ద్వారము తెఱవగా కోట పడినది; గోలకొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒడలంతయు గాయములై నేలకొరుగువఱకు పోరినాడు. గోపన్నను బంధించిన తానీషా దౌలతాబాదు దుర్గమున తానే బందీయై, ఆ శతాబ్దము ముగియుచుండగా అచ్చటనే కన్నుమూసెను.

ఈ కథను మాదన్న ఇంటినుండి ఆరంభించి దౌలతాబాదు వఱకు నడుపు దర్శకుడొకడు రావలెనని నా కోరిక. అతనికి గోలకొండ కోట యున్నది, భద్రాద్రి నగలున్నవి, గోపన్న చూపిన పద్దులున్నవి, హవార్టు గ్రంథమున్నది, మొగలు చరిత్రకారుల వ్రాతలున్నవి. కల్పించుకొనవలసినది ఆ మేనమామయు మేనల్లుడును చెఱసాలలో ఒకనాడు ఎదురుపడి యుండిన ఏమి మాటలాడుకొనియుందురన్నది మాత్రమే.